బీరువాకు నోరొచ్చిన ఏడాది

మా కంపెనీకి కష్టకాలం వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పొద్దెక్కినా టీ రాలేదు. అలా తెలిసింది.

నంద్యాల ఊరి చివర ఉన్న ఒక ఇనుప బీరువాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాణ్ని నేను. బీరువాలు, మంచాలు, హాస్టళ్లకు అరల పెట్టెలు చేసేవాళ్లం. ఆళ్లగడ్డలో మాకొక బ్రాంచి ఉండేది. ముందు షోరూము, వెనక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో చిన్నాచితకా రిపేర్లకు ఒక వెల్డరు. నా ఉద్యోగం పేరు ఆఫీసు మేనేజరు. ఫలానావాళ్లు చేయాలని ఎక్కడా రాసిపెట్టి లేని పని ఏదొచ్చినా అది నా నెత్తిన పడేది. అందుకే ఈ కథ జరిగిన ప్రతిచోటా నేనున్నాను.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మా వీధి పిల్లలు "ఈరోజు మాకు ఇన్నోవేషన్ వర్క్‌షాపు అంకుల్, కష్టకాలంలో కొత్తగా ఆలోచించాలంట" అని చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. వాళ్లు నొచ్చుకుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నవ్వింది వాళ్లను చూసి కాదు.

కరోనా తగ్గాక వ్యాపారం పుంజుకుంటుందనుకున్నాం. పుంజుకోలేదు. వానలు సరిగ్గా పడలేదు. పెళ్లిళ్లు జరిగాయి గానీ చిన్నవిగా జరిగాయి. ఇళ్లు కట్టుకున్నవాళ్లు గోడల్లోనే చెక్క అల్మారాలు చేయించుకున్నారు. ఇనుప రేకు ధర మాత్రం పైకే పోయింది. మా ఓనరు పెద్దాయన. చదువు తక్కువ, కోపం ఎక్కువ, మనిషి మంచివాడు. ఆ ఏడే ఆయన గుండెకు స్టెంటు వేశారు. డాక్టరు కోపం తెచ్చుకోవద్దన్నాడట. కోపం లేకుండా ఫ్యాక్టరీ నడపడం ఆయనకు చేతకాదు కాబట్టి పగ్గాలు అల్లుడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు.

అల్లుడు బెంగళూరులో ఏదో పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ను అల్లుడు సారు అనేవాళ్లు, ఎదురుగా కూడా. అలా పిలవొద్దని, అందరూ తనను పేరుపెట్టి పిలవాలని, కొత్త కంపెనీల్లో అదే పద్ధతని ఆయన మొదటి మీటింగులోనే చెప్పాడు. మా ఫోర్‌మ్యాన్ లేచి నిలబడి "సరే అల్లుడు సారూ" అన్నాడు. ఆ విషయం అక్కడితో ముగిసింది.

టీ ఆపడం ఆయన మొదటి సంస్కరణ. రెండోది పసుపు గది. తలుపు బందులూ తాళాలూ పెట్టుకునే స్టోరు గదిని ఖాళీ చేయించి, గోడలకు నిమ్మపండు రంగు వేయించి, దానికి ఆలోచనల గది అని పేరు పెట్టాడు. బందులూ తాళాలూ బయట వరండాలో తుప్పు పట్టాయి. కుర్చీల్లో కూర్చుంటే మెదడు బిగుసుకుపోతుందంటూ పెద్ద పెద్ద దిండు మూటల్లాంటివి తెప్పించాడు. వాటిలో కూర్చోవడం తేలిక, లేవడమే కష్టం. మా ఫోర్‌మ్యాన్ బాగా లావుపాటి మనిషి. మొదటిరోజు అందులో కూలబడ్డాక ఇద్దరం చేతులు పట్టుకుని లాగితేగానీ బయటికి రాలేదు. "నా జన్మలో మళ్లా ఆలోచన చెయ్యనప్పా" అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ గదిలో కాఫీ మిషను కూడా పెట్టారు. ఆలోచించేవాళ్లకు మాత్రమే కాఫీ. రేకు వంచేవాళ్లకు నీళ్లు.

ప్రతి ఒక్కరూ వారానికొక కొత్త ఆలోచన రాసి డబ్బాలో వేయాలని నోటీసు అంటించాం. మొదటివారం డబ్బా తెరిస్తే చీటీలన్నిట్లోనూ ఒకటే ఆలోచన. టీ మళ్లీ ఇవ్వండి. చేతిరాతలే వేరు. పెయింటు కొట్టే భాయ్ మాత్రం కాస్త కొత్తగా, "అల్లం టీ" అని రాశాడు. ఇవి ఆలోచనలు కావు, డిమాండ్లు అని అల్లుడు సారు అన్నీ పక్కన పెట్టేశాడు.

తర్వాత హైదరాబాదు నుంచి ట్రైనరు వచ్చాడు. సన్నగా, చలాకీగా ఉన్నాడు. ఆళ్లగడ్డ బ్రాంచి వాళ్లను కూడా ఆరోజు నంద్యాలకు పిలిపించాం. ఆ బ్రాంచి ఇన్‌చార్జి గురించి ఇక్కడే చెప్పాలి. ఆమెది ఆళ్లగడ్డ పక్కన పల్లె, రైతుల కుటుంబం. బీకాం చదివింది. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. బేరమాడే కస్టమరును బేరం మధ్యలోనే తిట్టి, అదే కస్టమరుకు బీరువా అంటగట్టి పంపేది. వయసులో చిన్నదైనా అందరికీ ఆమె అక్క. పని పెద్దగా వచ్చని చెప్పను. వెల్డింగు గురించి ఆమెకు తెలిసింది సున్నా. నోరు మాత్రం వచ్చు.

ట్రైనరు మమ్మల్నందరినీ మూటల్లో కూర్చోబెట్టాడు. ఫోర్‌మ్యాన్ నేలమీదే కూర్చుంటానన్నాడు. "అందరూ కళ్లు మూసుకోండి. ఇప్పుడు మీరు మనుషులు కారు, బీరువాలు. ఒక బీరువాగా మీకేమనిపిస్తోంది?" అని అడిగాడు ట్రైనరు.

ముందుగా పెయింటర్ భాయ్ కళ్లు మూసుకునే అన్నాడు. "తలుపులు ఏసుకోవాలనిపిస్తాంది సార్."

ట్రైనరు పొంగిపోయి బోర్డు మీద ఏకాంతం అని రాశాడు. ఫోర్‌మ్యాన్ వైపు తిరిగి, "మీరు చెప్పండి" అన్నాడు. కళ్లు మూసుకోమన్నప్పటినుంచీ ఫోర్‌మ్యాన్ నిద్రపోతున్నాడు. భాయ్ మోచేత్తో పొడిచాడు.

"ఆకలైతాంది సార్" అన్నాడు ఫోర్‌మ్యాన్.

"బీరువాకు ఆకలా? వివరంగా చెప్పండి."

"లోపల ఏమీ ల్యా సార్. జనాల కాడ పెట్టేదానికి ఏముండాది ఇప్పుడు? పంటల్యా, పనుల్యా. ఖాళీ బీరువా కొని యాడ పెట్టుకుంటారు?"

ఆ కష్టకాలం గురించి ఆ పసుపు గదిలో నేను విన్న ఒకే ఒక్క నిజం అది. ట్రైనరు దాన్ని బోర్డు మీద రాయలేదు. "నెగెటివ్ ఆలోచన వద్దండీ" అని నవ్వి, అక్కను అడిగాడు.

అక్కకు అప్పటికే ఓపిక అయిపోయింది. ఆళ్లగడ్డలో షాపు మూసి వచ్చిన కోపం కూడా ఉంది. "నేను బీరువానైతే సార్, నాకు నోరుండింటే ఎంత బాగుండు. ఎవురింట్లో ఎవురేం దాచినారో ఊరంతా చెప్తా తిరిగేదాన్ని. మీలాంటోళ్లు ఒక్కరన్నా మా షాపు మెట్లెక్కరు ఇంగ."

అందరం నవ్వాం. అల్లుడు సారు నవ్వలేదు. ఆయన మూటలోంచి ఎవరి సాయం లేకుండా లేచి నిలబడ్డాడు. అలా లేవడం సాధ్యమని అప్పుడే తెలిసింది మాకు. "మాట్లాడే బీరువా" అన్నాడు నెమ్మదిగా. ఆమె వెక్కిరించిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆమే చెప్పబోతే నేను కళ్లతో వద్దన్నాను. మాటలు పట్టుకుని బీరువాలు చేస్తాడని నాకు మాత్రం ఏం తెలుసు?

చేశాడు. బెంగళూరు స్నేహితుడి కంపెనీ నుంచి చిన్న మిషను వచ్చింది. బీరువా నుదుటి దగ్గర స్పీకరు, లాకరు కింద బరువు చూసే పలక, కదిలిస్తే కనిపెట్టే ఇంకో ముక్క. తెలుగు గొంతు కూడా బెంగళూరులోనే ఎవరితోనో చెప్పించారు. మొదటి బీరువాకు కనెక్షను ఇచ్చి లాకరు తెరవగానే ఒక బరువైన మగ గొంతు పలికింది. "మాన్యులారా, మీ భద్రపేటిక తెరవబడి ఉన్నది."

పెయింటర్ భాయ్ రంగు చల్లే తుపాకీ పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ఎవురు సార్ పోయింది?" అని అడిగాడు.

ఆపడానికి స్విచ్చి ఎక్కడుందని నేను అడిగాను. స్విచ్చి పెడితే దొంగ ఆపేస్తాడు కదా అన్నాడు అల్లుడు సారు. కరెంటు పోతే? లోపల బ్యాటరీ ఉంది, రెండు రోజులు మాట్లాడుతుంది అన్నాడు గర్వంగా. మీకు నేనిచ్చే సలహా ఒకటుంది. మీ ఆఫీసులో ఎవరైనా ఆపడానికి వీల్లేని వస్తువును కనిపెడితే, దాని మొదటి ప్రదర్శనకు మీరు సెలవు పెట్టండి. నేను పెట్టలేదు.

ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు స్కూలు యజమాని ఉండేవాడు. అందరూ కరస్పాండెంటు అనేవాళ్లు. ప్రతి ఎండాకాలం ఆయన హాస్టలుకు మంచాలు, పెట్టెలు మా దగ్గరే చేయించేవాడు. మా ఆళ్లగడ్డ బ్రాంచి నిలబడిందే ఆ ఆర్డరు మీద. ఆయన కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. తొలి మాట్లాడే బీరువాను ఆయనకు కానుకగా ఇద్దామని అల్లుడు సారు నిర్ణయించాడు. ఊళ్లో పెద్దలంతా వస్తారు, అందరి ముందు బీరువా మాట్లాడుతుంది, ఆర్డర్లు వెల్లువెత్తుతాయని లెక్క. అక్క ఒక్కతే వద్దంది.

"సార్, బీరువా అంటే నోరు మూసుకొని ఉండాలని కొంటారు ఎవురైనా. ఇది మాట్లాడ్తే ఆయన ఇంట్లో ఉంచుకుంటాడా?"

"మీరు మార్పుకు భయపడుతున్నారు" అన్నాడు అల్లుడు సారు.

"బీరువాకే భయపడ్తాండా సార్."

గృహప్రవేశం రోజు తెల్లవారుజామునే బీరువాను పడకగదిలో పెట్టి, వేడుకకు అక్కడే ఉండిపోయాం. ఎరుపు రిబ్బను కట్టాం. కరస్పాండెంటు భార్యకు బాగా నచ్చింది. పూజ అయ్యాక వచ్చినవాళ్లు ఇచ్చిన కానుకలూ కవర్లూ అన్నీ ఆమె ఒక్కొక్కటే తెచ్చి లాకర్లో సర్దుకుంటూ ఉంది. లాకరు నిండితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. ఆ మాటలు రికార్డు చేయించినవాడికి ఒక్కడికే తెలుసు. ఆయన హాల్లో నిలబడి దానికోసమే ఎదురుచూస్తున్నాడు.

హాల్లో భోజనాలు జరుగుతున్నాయి. స్కూలు టీచర్లు వడ్డిస్తున్నారు. పిల్లల తల్లిదండ్రులు చాలామందే వచ్చారు. ఒక రైతు, కొడుకును హాస్టల్లో చేర్పించినవాడు, విస్తరి ముందు కూర్చుని మర్యాదగానే అడిగాడు. "సార్, పిల్లోళ్లకి గుడ్డు పెట్టడంల్యా అంటాండారు. ఏందది?"

కరస్పాండెంటు ఆయన భుజం మీద చెయ్యేసి అందరికీ వినబడేలా అన్నాడు. "ఏం జేయమంటావప్పా? కష్టకాలం. మీకెట్లనో నాకూ అట్లనే. నా కాడ యాడుండాయి దుడ్లు? నా పిల్లోళ్లే గుడ్డు తినక ఎన్నాళ్లయిందో."

పడకగదిలోంచి ఆ బరువైన గొంతు ఇల్లంతా మోగేలా పలికింది. "మాన్యులారా, మీ భద్రపేటిక పూర్తిగా నిండినది. ఇంతకంటే పెద్ద బీరువా కొరకు మమ్ములను సంప్రదించగలరు."

వడ్డించే టీచరు గరిటె పైకెత్తి అలాగే ఆగిపోయాడు. సాంబారు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతున్నాయి. ఒక మూల విస్తరి ముందు కూర్చున్న ముసలమ్మ తలెత్తి అడిగింది. "గుడ్లన్నీ ఆడ పెట్టినావా నాయనా?"

ఆ తర్వాత ఆ హాల్లో లేచిన నవ్వును ఎవరూ ఆపలేకపోయారు. బీరువాను అసలే ఆపలేం. ఊపిరి తీసుకునేంత సేపు ఆగి మళ్లీ అదే మాట, మళ్లీ అదే పిలుపు. కరస్పాండెంటు భార్య భయపడి లాకరు తలుపు మూసింది. మూసేటప్పుడు ఏదో వైరు లాగినట్టుంది, గొంతు ఇంకా పెరిగింది. మేం గదిలోకి ఉరికాం. మా వెనకే కరస్పాండెంటు పరుగెత్తుకొచ్చి, "దీన్ని ఆపుతారా, ఇసిరి పారేయమంటారా?" అన్నాడు. అల్లుడు సారు బెంగళూరుకు ఫోను చేశాడు. బెంగళూరు ఎత్తలేదు.

బయటికి మోయడం తప్ప దారి లేదు. నేను, ఫోర్‌మ్యాన్, భాయ్, అక్క నలుగురం నాలుగు మూలలు పట్టుకుని లేపాం. లేపగానే దాని లోపలి ఇంకో ముక్క పనిచేసింది. "గమనిక. బీరువా అనుమతి లేకుండా కదిలించబడుచున్నది. దొంగ. దొంగ." సైరను కూడా మొదలైంది. పంక్తి భోజనాల మధ్యనుంచి, ఊరి పెద్దల కళ్లముందు, దొంగ దొంగ అని అరిచే బీరువాను మోసుకుంటూ నడిచాం. వీధిలో పోయే ఇద్దరు నిజంగానే కర్రలు పట్టుకుని లోపలికి వచ్చారు. ఫోర్‌మ్యాన్ ముఖం చెమటతో తడిసిపోయింది. "ఎవురప్పా దొంగ, మేమా ఆయనా?" అని గొణుక్కుంటున్నాడు. భాయ్‌కి నవ్వు ఆగక చెయ్యి జారి బీరువా ఒకపక్కకు ఒరిగింది. ఆవరణలో దించాక అక్క పందిరి గుంజ పక్కన పడి ఉన్న గడ్డపార తీసుకుని స్పీకరు మీద ఒక్క పోటు పొడిచింది.

నిశ్శబ్దం అంత తియ్యగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

హాస్టలు ఆర్డరు పోయింది. కరస్పాండెంటు ఆ ఏడు కడప నుంచి మంచాలు తెప్పించుకున్నాడని విన్నాం. గుడ్డు మాత్రం మరుసటి వారం నుంచే మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడట. మా మాట్లాడే బీరువా వల్ల ఈ లోకంలో జరిగిన మేలు అదొక్కటే. అది మా ఆలోచనల బోర్డు మీద ఎక్కలేదు.

అల్లుడు సారు పసుపు గదిలో మీటింగు పెట్టి, ఆలోచనలో లోపం లేదని, ఆళ్లగడ్డ మార్కెట్టు ఇంకా దానికి సిద్ధంగా లేదని తేల్చాడు. సిద్ధంగా లేని ఊళ్లో బ్రాంచి ఎందుకు? ఉగాదిలోపల మూసేయమని నన్ను పంపాడు.

నేను శిరివెళ్ల మీదుగా బస్సులో ఆళ్లగడ్డకు పోయాను. ఆ ప్రయాణం నాకు బాగా గుర్తు. అక్కకు, వెల్డరుకు, వారంలో మూడు రోజులు అక్కడే పెయింటు పనిచేసే భాయ్‌కి ఆ మాట ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను. ఏ మూటలోనూ కూర్చోకుండానే బుర్ర బాగా పనిచేసింది గానీ దారి ఒక్కటీ దొరకలేదు. పోయి చెప్పాను. అక్క షెడ్డు తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది. తిట్టకుండా ఆమె ఒక పని చేయడం అదే మొదటిసారి. వెల్డరు మాత్రం "మా ఇంటి కాడ ఏం చెప్పాలన్నా?" అని అడిగాడు. ఇద్దరాడపిల్లలను చదివిస్తున్నాడు. నేను స్టాకు పుస్తకం తెరిచాను.

స్టాకు చూసుకుంటూ ఉండగా షాపు ముందు గలాటా మొదలైంది. ఇద్దరు తోడికోడళ్లు. అన్నదమ్ములు వేరుపడుతున్నారు, అన్నీ పంచుకున్నారు, అత్తగారి బీరువా దగ్గర పంపకం ఆగిపోయింది. ఎప్పుడో మా కంపెనీలో కొన్నదే. మందం రేకు, కదిలించాలంటే ఆరుగురు కావాలి. పెద్దామెకు కావాలి, చిన్నామెకూ కావాలి. ఇంకొకటి కొనుక్కునే స్తోమత ఇద్దరికీ లేదు. దాని పాత ఖరీదు ఎంతో చెబితే ఒకరు ఇంకొకరికి అందులో సగం ఇచ్చుకుంటారట. ఖరీదు మాట పక్కకు పోయి, పెళ్లినాటి నుంచి పేరుకున్న పగలన్నీ మా షోరూములో బయటికొచ్చాయి. ఒకామె మాట ముగిసేలోపల రెండో ఆమె అందుకుంటోంది. అక్క కాసేపు చెవులు మూసుకుంది. తర్వాత బల్ల మీద చెయ్యేసి కొట్టింది.

"ఏందీ మీ గోల? తెచ్చి పడేయండి ఆ బీరువాను. రెండు ముక్కలు చేసిస్తా, చెరి సగం ఎత్తుకపోండి!"

ఇద్దరూ నోళ్లు మూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ నచ్చిన మాట వాళ్ల సంసారాల్లో అదే మొదటిదేమో. బయటికి వెళ్లిపోయారు. పీడ వదిలిందనుకున్నాం. మధ్యాహ్నానికి ట్రాక్టరు మీద బీరువాను తెచ్చి దించారు.

అక్క తల పట్టుకుంది. "నేనేదో మాటకన్నానమ్మా!"

"అన్నావు గదా, చెయ్యి" అంది పెద్దామె.

వెల్డరు బీరువా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎలాగూ బ్రాంచి మూస్తున్నారు, చెడిపోతే ఎవరు అడుగుతారన్న ధైర్యం అతనిది. అడ్డంగా నడుమ గీత గీశాడు. పక్క షెడ్లలో రాళ్లు చెక్కే శిల్పుల ఉలి చప్పుళ్లలో మా గ్రైండరు మోత కలిసిపోయింది. కోసినచోట పైముక్కకు అడుగు, కిందిముక్కకు కప్పు వేసి అతికించాడు. తలుపులు నాలుగయ్యాయి. రెండు పొట్టి బీరువాలు పక్కపక్కన నిలబడ్డాయి. మేమంతా చూస్తూ ఉండిపోయాం. అనుకున్నదానికన్నా బాగున్నాయి.

అప్పుడు మొదలైంది రెండో యుద్ధం. పైముక్కకు అద్దం వచ్చింది. కిందిముక్కకు లాకరు వచ్చింది. ఇద్దరికీ లాకరే కావాలి. అక్క ఏదో అనబోయింది, నేను ఆపాను. ఇంకో మాటంటే దాన్ని కూడా చేయించుకునేలా ఉన్నారు. చివరికి పెద్దామె అద్దం ముందుకెళ్లి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "లాకర్లో పెట్టేదానికి నా కాడ ఏముండాది? దాన్నే ఎత్తుకపోనీ. నాకిది చాలు, మొగమన్నా చూసుకుంటా" అంది. చిన్నామె ఏమనుకుందో, ట్రాక్టరు ఎక్కేటప్పుడు పెద్దామె ముక్కకు తనే ఒక చెయ్యి వేసింది.

ఆ వారంలోనే ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇంకొకరు. మేడ మీద గది వేసుకుని, ఇరుకు మెట్లమీదుగా బీరువా ఎక్కించలేనివాళ్లు వచ్చారు. అద్దె ఇంటి తలుపులో పట్టనివాళ్లు వచ్చారు. అవుకు నుంచి ఒకాయన తాతల నాటి బీరువా తెచ్చి, దాన్ని కోసి కిందిముక్క విత్తనాలకు, పైముక్క బట్టలకు చేయించుకున్నాడు. బనగానపల్లెలో మామిడి కాపు పోయిన ఒక వ్యాపారి, కూతురికి కొత్తది కొనిపెట్టలేక, ఇంట్లోని పాతదానికే భాయ్ చేత నీలం రంగు వేయించుకుని, కొత్తదాన్ని తీసుకెళ్లినట్టే తీసుకెళ్లాడు. కొత్తవి కొనలేని కాలంలో జనం దగ్గర ఉన్నదల్లా పాత బీరువాలే. ఆ సంగతి తెలుసుకోవడానికి మాకు ఇద్దరు తోడికోడళ్ల గొంతులు కావాల్సొచ్చాయి.

బ్రాంచి మూయొద్దని, ఇక్కడ పని దొరికిందని నంద్యాలకు పోయి అల్లుడు సారుతో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "కానీ ఇది ఇన్నోవేషన్ కాదు కదండీ, రిపేరు" అన్నాడు. "మనం తయారీ కంపెనీ. పాతవి కోసుకుంటూ కూర్చుంటే బ్రాండు ఏమైపోతుంది?" మూసే పని త్వరగా ముగించమన్నాడు. అలాగేనన్నాను. అడిగినప్పుడల్లా "మూసే పని జరుగుతోంది సార్" అన్నాను. ఉగాది పోయింది, శ్రీరామనవమి పోయింది, వినాయక చవితి కూడా పోయింది. జరుగుతూనే ఉంది.

దీన్ని దాచడం మాత్రం మాట్లాడే బీరువా నోరు మూయించినంత కష్టమైంది. నంద్యాలలో అమ్మకాలు పడిపోతుంటే, చచ్చిపోయిందనుకున్న ఆళ్లగడ్డ నుంచి రాబడి రావడం పెద్దాయన కంట్లో పడింది. ఆయన స్టెంటునూ డాక్టరునూ మరచిపోయి, కారేసుకుని ఆళ్లగడ్డకు వచ్చాడు. షెడ్డులో వరసగా నిలబడ్డ సగం బీరువాలను చూసి పగలబడి నవ్వాడు. నంద్యాలకు తిరిగిపోయి అల్లుడిని ఏమన్నాడో నాకు తెలియదు. మరుసటి రోజు నుంచి అల్లుడు సారు దాన్ని రిపేరు అనడం మానేశాడు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మా బ్రాంచిని చంపింది కష్టకాలం కాదు, మెచ్చుకోలు.

అల్లుడు సారు ఆ పనికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టాడు. హైదరాబాదులో ఏదో సభలో దాని గురించి మాట్లాడి ఒక షీల్డు తెచ్చుకున్నాడు. పసుపు గదిలో పుట్టిన ఆలోచన అని అక్కడ చెప్పాడట. అంతవరకు మాకు అభ్యంతరం లేదు. షీల్డు తిండి అడగదు. తర్వాత పద్ధతులు వచ్చాయి. ఏ బీరువానైనా కోయాలంటే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఫోనులో పంపాలి. నంద్యాలలో కమిటీ శుక్రవారం కూర్చుని చూస్తుంది. కోయదగినదే అనుకుంటే అనుమతి ఇస్తుంది. కోత ఎక్కడ పడాలో కూడా కమిటీయే చెబుతుంది. కమిటీలో ఉన్నవాళ్లెవరూ బీరువాను కోయగా చూసినవాళ్లు కారు. ట్రైనరు కూడా అందులో సభ్యుడు.

ట్రాక్టరు బాడుగకు తెచ్చుకున్న మనిషిని శుక్రవారం దాకా ఆగమంటే ఆగుతాడా? "కొయ్యడానికి కూడా ముహూర్తమా?" అని ఒకాయన బీరువాను దించకుండానే తిప్పుకుపోయాడు. అక్క రెండు శుక్రవారాలు ఓపిక పట్టింది. ఆమెకు అది చాలా ఎక్కువ. మూడోవారం నంద్యాలకు వచ్చి రాజీనామా కాగితం ఇచ్చింది. అల్లుడు సారు నిజంగానే బాధపడ్డాడు. ఆలోచనల గదికే ఆమెను అధిపతిని చేస్తానన్నాడు.

"ఆ మూటల్లో నేను కూలబడలేను సార్" అంది అక్క.

నెల తిరక్కుండానే అహోబిలం రోడ్డులో, మా షోరూముకు సరిగ్గా ఎదురుగా రేకుల షెడ్డు లేచింది. వెల్డరు రోడ్డు దాటాడు. భాయ్ దాటాడు. కస్టమర్లు దాటారు. మా షోరూములో కొత్త అబ్బాయి ఒకడు ఫోనులో ఫోటోలు పంపుతూ కూర్చునేవాడు. ఆ ఏడు చివర్లో బ్రాంచి మూసే పని నిజంగానే జరిగింది. ఈసారి కూడా నన్నే పంపారు. అల్లుడు సారు కూడా వెంట వచ్చాడు. నా రిటైర్మెంటు ఇంకెంతో దూరం లేదు.

సామాను లారీకి ఎక్కించాక ఆయన రోడ్డు ఇవతల నిలబడి అవతలి షెడ్డును చాలాసేపు చూశాడు. అక్కడ ముగ్గురు నలుగురు జనం, రెండు ట్రాలీలు, నడుమ నిలబెట్టిన ఒక ఎత్తైన పాత బీరువా. ఆయన రోడ్డు దాటాడు. వెనక నేనూ దాటాను. అక్క ఆయన్ను చూసి స్టూలు జరిపి కూర్చోమంది. టీ చెప్పింది. ఆయన కూర్చోలేదు. చుట్టూ చూసి, మర్యాదగా, కాస్త ఇబ్బందిగా అడిగాడు.

"మీరు నాతో దాపరికం లేకుండా ఒక మాట చెప్పాలి. ఈ కోసే ఆలోచన మీకు అసలు ఎలా వచ్చింది? ఆ ప్రాసెస్ ఏమిటి? నేను దాన్ని అర్థం చేసుకోవాలి."

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆయనకు. అందుకే నాకు జాలేసింది. అక్క కూడా ఒక నిమిషం ఆయన ముఖంలోకి చూసింది, ఏదో చెప్పాలనుకున్నట్టే. ఇంతలో వెల్డరు బీరువా మీద సున్నంతో గీత గీసి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఆమె వైపు చూశాడు. బీరువా తెచ్చిన కుటుంబం నేలమీదనుంచి లేచి నిలబడింది.

"కొంచెం పక్కకు జరుగుండి సారూ" అంది అక్క. "బట్టల మీద నిప్పురవ్వలు పడతాయి."